పాత పికప్ బేరంలో అడగవలసిన మొదటి ప్రశ్న: ఇది ఏ సరుకు మోసింది?

సరుకు ధర మార్కెట్ యార్డులో తేలుతుంది. ఆ ధరలో రైతుకు మిగిలేది ఎంత అన్నది మాత్రం చాలావరకు దారిలోనే తేలిపోతుంది. టమోటా, వంకాయ, పూలు, చేప, పాలు వేళకు చేరితేనే సరుకు కిందికి వస్తాయి. వేలం ముగిసిన తర్వాత యార్డుకు చేరిన టమోటా ట్రే మర్నాటి దాకా కొనేవాడి కోసం ఎదురుచూడవలసిందే. ఈలోగా కాయ మెత్తబడుతుంది, ధర దిగుతుంది. ఈ కారణంగానే కిరాయి బండి మీద ఆధారపడడం మాని సొంతంగా ఒక చిన్న పికప్ సమకూర్చుకోవాలనే ఆలోచన కూరగాయల రైతులలోను, నలుగురి పంట కలిపి యార్డుకు తోలే ఊరి వ్యాపారులలోను, వారపు సంతలు తిరిగే చిల్లర వర్తకులలోను కనిపిస్తున్నది. కొత్త బండికి కావలసిన పెట్టుబడి అందరి దగ్గరా ఉండదు. అందువల్ల వీరిలో పలువురి చూపు పాత బండి మీదనే ఉంటుంది.

పాత బండి బేరం సాధారణంగా మూడు ప్రశ్నలతో మొదలవుతుంది. ఏ సంవత్సరం మోడల్? ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? ఎంతకు ఇస్తారు? ఈ మూడూ అడగవలసినవే. అయితే బండి లోపలి సంగతి వీటితో బయటపడదు. ఒకే ఏడు, ఒకే కంపెనీ నుంచి వచ్చిన రెండు బండ్లలో ఒకటి పాల క్యాన్లు మోసి, ఇంకొకటి ఇసుక మోసి ఉంటే, ఐదేళ్ల తర్వాత వాటి ఆయుర్దాయం ఒకటి కాదు. కాబట్టి పై మూడింటి కన్న ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది: ఇంతకాలం ఈ బండి ఏ సరుకు మోసింది?

బరువు లెక్క ముందు

బండి చూడబోయే ముందు కొనేవారు తమ సరుకు లెక్క తాము వేసుకోవాలి. టాటా ఏస్ వంటి చిన్న బండి మోత ముప్పాతిక టన్ను. అంటే 25 కిలోల టమోటా ట్రేలు 30. 75 కిలోల ధాన్యం బస్తాలు 10. 40 కిలోల లెక్కన మిర్చి టిక్కీలు 18. టన్నుంబావు మోసే అశోక్ లేలాండ్ దోస్త్ తరగతిలో ట్రేలు 50, బస్తాలు 16, టిక్కీలు 31 పడతాయి. ఖాళీ ట్రే బరువు కూడా ఈ లెక్కలో కలుపుకోవాలి. మిర్చి, పత్తి వంటి తేలిక సరుకుకు బరువు కన్న చోటు ముందు అడ్డం వస్తుంది. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్ల సంగతి ఇందుకు విరుద్ధం. చిన్న బండి బాడీలో సుమారు నాలుగంగుళాల మందాన రాయి పరిస్తేనే దాని మోత పూర్తవుతుంది. బాడీ సగానికి పైగా ఖాళీగానే కనిపిస్తుంది గనుక మరికొంత ఎక్కించాలని ఎవరికైనా అనిపిస్తుంది. బండి చెడేది అక్కడే.

చిన్న బండా, పెద్ద బండా అన్నది ధరను బట్టి కాక తిప్పలను బట్టి తేల్చుకోవాలి. పొలం నుంచి యార్డుకు 40 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే చిన్న బండి టన్నుంబావు సరుకుకు రెండు తిప్పలు, అంటే 160 కిలోమీటర్లు తిరగాలి. 8 లీటర్లు కాలుతుంది. లీటరుకు 14 కిలోమీటర్లే ఇచ్చే పెద్ద బండి ఒకే తిప్పలో 80 కిలోమీటర్లకు 6 లీటర్ల లోపునే పని ముగిస్తుంది. రోజూ నిండు లోడు ఉన్నవారికి పెద్ద బండి చవక. సగం లోడుతో తిరిగేవారికి లెక్క తారుమారవుతుంది. రోజుకు 80 కిలోమీటర్ల చొప్పున 300 రోజులు తిరిగితే ఈ రెండు బండ్ల మధ్య ఏడాదికి సుమారు 500 లీటర్ల తేడా వస్తుంది. లీటరు 100 రూపాయల లెక్కన ఇది 50 వేల రూపాయల పైమాట.

సంతలో ఉన్న రకాలు

2005 మే నెలలో మార్కెట్లోకి వచ్చిన టాటా ఏస్‌కు తొలుత ఉన్నది 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను. మెకానిజం సులువు. ఊరి మెకానిక్ సైతం విప్పి బిగించగలడు. విడిభాగాలు చిన్న పట్టణాలలోనూ దొరుకుతాయి. అయితే దీని బలం పరిమితం. నిండు లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కవలసిన వారు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

2011లో వచ్చిన దోస్త్‌కు 1,478 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను. మహీంద్రా బొలెరో పికప్‌లలో చాలాకాలంగా ఉన్నది 2,523 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజను. మోడల్‌ను బట్టి మోత టన్నుంబావు నుంచి 1.7 టన్నుల దాకా ఉంటుంది. మట్టి దారులకు, ఎత్తు దారులకు ఇది తట్టుకుంటుందన్న పేరున్నందువల్ల పాత బండ్లకూ ధర గట్టిగానే పలుకుతుంది. 2016లో వచ్చిన మారుతి సూపర్ క్యారీలో 793 సీసీ డీజిల్ రకం 2020లో నిలిచిపోయింది. పెట్రోలు, సీఎన్‌జీ రకాలు మిగిలాయి. తయారీ ఆగిపోయిన ఇంజను బండి చవకగా దొరికితే, దాని విడిభాగాలు తమ ఊళ్లో దొరుకుతాయా అని దుకాణంలో విచారించిన తర్వాతనే బేరానికి దిగడం మంచిది. సీఎన్‌జీ బండి అయితే సిలిండరుకు మూడేళ్లకొకసారి చేయించవలసిన పరీక్ష తేదీ చూడాలి. తాము తిరిగే దారిలో గ్యాస్ బంకు ఉన్నదా అన్నది కూడా చూసుకోవాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఆ తర్వాతి డీజిల్ బండ్లలో పొగను శుద్ధి చేసే సరంజామా, సెన్సార్లు అదనంగా ఉంటాయి. వాటిలో లోపం వస్తే స్కానర్ ఉన్న షెడ్డుకు వెళ్లవలసిందే. అటువంటి షెడ్డు దగ్గరలో ఉన్నవారికి ఇది అభ్యంతరం కాదు. లేనివారికి బాగా చూసుకున్న బీఎస్-4 బండి తక్కువ తలనొప్పి. బీఎస్-6 బండిలో తాళం తిప్పగానే వెలిగి, ఇంజను నడవగానే ఆరిపోవలసిన హెచ్చరిక దీపం అసలు వెలగకపోతే అనుమానించాలి. దీపాన్నే తీసేసి అమ్మే ఘటికులు లేకపోలేదు.

సరుకు వేసిన ముద్ర

ఉప్పుగాలి, ఉప్పునీరు ఇనుముకు శత్రువులు. భీమవరం, ఆకివీడు, కైకలూరు ప్రాంతాలలో చేపలు, రొయ్యలు తోలిన బండ్ల బాడీ నుంచి ఐసు నీరు ఏళ్ల తరబడి చాసిస్ మీదికి కారుతుంది. పైన కొత్త రంగు మెరుస్తూ ఉన్నా అడుగున రేకు పొరలు పొరలుగా లేస్తుంది. అటువంటి బండిని గుంట మీదికి ఎక్కించి, చాసిస్ పట్టీలను చిన్న సుత్తితో తట్టి చూడాలి. మంచి ఇనుము ఖంగున మోగుతుంది. తుప్పు తిన్నది డొల్ల చప్పుడు చేస్తుంది. బ్రేకు గొట్టాలు తుప్పు పట్టి ఉంటే బేరం అక్కడితో ఆపేయడం ఉత్తమం.

ఎరువుల బండ్ల సంగతీ ఇటువంటిదే. యూరియా, పొటాష్ పొడి సంచులలోంచి రాలి బాడీ మూలల్లో పేరుకుని, చెమ్మ తగిలినప్పుడల్లా రేకును తింటుంది. బాడీ అడుగు చెక్కలు లేపి చూస్తే గాని ఇది తెలియదు. తాగునీటి క్యాన్లు వేసిన బండ్లలో కూడా తడి సమస్య ఉంటుంది. పైగా ఇంటింటికీ ఆగి కదలడం వల్ల క్లచ్చి, గేరు బాక్సు, సెల్ఫ్ త్వరగా అరుగుతాయి. గ్యాస్ సిలిండర్ల బండ్లకూ ఈ అరుగుదల తప్పదు.

ఇసుక, ఇటుక, కంకర, నాపరాయి మోసిన బండ్లను దూరంగా ఉంచడం క్షేమం. వీటికి అధిక బరువు తప్పించుకోలేని శాపం. కమాన్ కట్టలకు అదనపు పట్టీలు వేసి ఉంటే బండి తన మోతకు మించి మోసిందనడానికి అంతకన్న సాక్ష్యం అక్కరలేదు. చాసిస్ మీద వెల్డింగు అతుకులు, వెనుక చక్రాలు లోపలికో బయటికో వంగి కనిపించడం, సమతలం మీద నిలిపినా బండి ఒక పక్కకు ఒరగడం, ఇవన్నీ ఆ చరిత్రకు గుర్తులే. వెనుక హౌసింగ్ నుంచి ఆయిలు కారుతున్నా, వేగం మారినప్పుడు క్రౌన్ గీపెట్టినా మరమ్మతు ఖర్చు చిన్నదిగా ఉండదు.

పత్తి, గడ్డి, మిర్చి మోసిన బండ్లకు బరువు దెబ్బ తక్కువ. లోడు ఎత్తుగా కట్టడం వల్ల బాడీ పక్కలు విచ్చుకుని ఉంటాయి. తాళ్లు బిగించిన కొక్కేలు వంగుతాయి. ఇవి టింకరింగ్ పనితో సర్దుకునే లోపాలు. ధర తగ్గించుకోవడానికి పనికివస్తాయేగాని బండిని వద్దనడానికి కారణాలు కావు.

పాల బండ్లు, పార్సిలు బండ్లు తరచుగా చిన్నచూపుకు గురవుతాయి. కారణం మీటరు. రోజుకు 100 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగిన బండి ఐదేళ్లలో లక్షన్నర కిలోమీటర్లు దాటుతుంది. ఈ అంకె చూసి కొనేవారు వెనుకడుగు వేస్తారు. నిజానికి ఒకే దారిలో, మితమైన బరువుతో, వేళకు ఆయిలు మార్చుకుంటూ తిరిగిన లక్షన్నర కన్న, క్వారీ గుంటలలో తిరిగిన 60 వేలు బండిని ఎక్కువ చెరుపుతాయి. వేళ తప్పితే నష్టపోయే పని చేసిన బండిని యజమాని మరమ్మతు లేకుండా వదలడు. ఇది గమనించిన కొనుగోలుదారు మీటరు భయపెట్టిన ధరకు మంచి బండి సంపాదించుకోగలడు.

ఏ సరుకు మోసిందని అడిగితే అమ్మేవారు ఇల్లు ఖాళీ చేసే సామాను అనో, కూరగాయలు అనో చెప్పడం మామూలే. మాట కన్న బండిని అడగడం మేలు. బాడీ మూలల్లో ఇసుక, సిమెంటు, చేప పొలుసు, ఎరువు గుళికలు ఎంత కడిగినా కొంత మిగులుతాయి. బాడీ అడుగున గుంటలు పడి ఉంటే రాయి. గీతలే ఉంటే ట్రేలు. అంచులు మాత్రమే అరిగి ఉంటే క్యాన్లు అని ఊహించవచ్చు.

ఉదయం చల్లని ఇంజనుతో

బండి చూడడానికి వెళ్లవలసిన వేళ తెల్లవారి. ముందురోజు సాయంత్రమే చెప్పి, మర్నాడు ఇంజను ముట్టించక ముందు చేరుకోవాలి. బానెట్ మీద చేయి పెడితే వెచ్చగా తగిలినట్లయితే, చల్లగా ఉన్నప్పుడు స్టార్టు కాని జబ్బును దాచడానికి ముందే నడిపి ఉండవచ్చు.

స్టార్టు చేసిన వెంటనే కొద్దిగా పొగ వచ్చి తగ్గిపోవడం దోషం కాదు. ఇంజను వేడెక్కిన తర్వాత కూడా నీలి పొగ వస్తుంటే ఆయిలు కాలుతున్నట్లు. నల్ల పొగ విడవకపోతే ఇంజెక్టర్లు, గాలి ఫిల్టరు, టర్బో చూపించాలి. తెల్ల పొగ ఆగకుండా వస్తూ రేడియేటరులో నీరు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్టును అనుమానించాలి. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి చూడాలి. లోపలి నుంచి పొగ దెబ్బలు దెబ్బలుగా తన్నుకువస్తే అది మెకానిక్‌లు చెప్పే బ్యాక్ కంప్రెషన్. రింగులు, బోరు అరిగినట్లు. అటువంటి ఇంజను దించక తప్పదు. డిప్‌స్టిక్ మీద ఆయిలు నల్లగా ఉండడం డీజిల్ బండిలో సహజమే. పాలు కలిసినట్లు తెల్లగా, నురగగా ఉంటే మాత్రం నీరు కలిసిందన్న మాట.

తర్వాతి పరీక్ష లోడుతో చేయాలి. ఖాళీ బండి ఏదైనా హాయిగానే పరుగెత్తుతుంది. పది బస్తాలు వేసి, తాము రోజూ తిరగబోయే దారిలోనే ఒక ఎత్తు ఎక్కించి చూడాలి. మదనపల్లె నుంచి తిరుపతికి సరుకు తోలదలచినవారు భాకరాపేట ఘాట్‌ను దృష్టిలో ఉంచుకోవాలి. డెల్టా సమభూమిలో తిరిగేవారికి అంత పరీక్ష అక్కరలేదు. ఎత్తు మీద ఇంజను చప్పుడు పెరిగినా వేగం పెరగకపోతే క్లచ్చి ప్లేటు జారుతున్నట్లు. యాక్సిలరేటరు వదిలినప్పుడు గేరు తనంతట తాను ఊడి న్యూట్రల్‌కు వస్తే గేరు బాక్సు విప్పాలి. దిగుడులో బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగరాదు. స్టీరింగు చేతికి వదులుగా ఆడితే కింగ్ పిన్లు, బాల్ జాయింట్లు, బుష్‌లు చూపించాలి. తిరిగి వచ్చాక ఇంజను ఆపి, ఐదు నిమిషాల తర్వాత మళ్లీ ముట్టించాలి. వేడి మీద స్టార్టు కాని బండి సంత మధ్యలో ఆపితే అక్కడే ఉండిపోతుంది.

టైర్లు అబద్ధమాడవు. పక్కగోడ మీద ఉండే నాలుగంకెల గుర్తు టైరు పుట్టిన వారం, సంవత్సరం చెబుతుంది. 2321 అని ఉంటే 2021లో 23వ వారం. బండి 40 వేల కిలోమీటర్లే తిరిగిందని మీటరు చెబుతూ, నాలుగు టైర్లూ రెండోసారి మార్చినట్లు ఉంటే మీటరును నమ్మనక్కరలేదు. పెడల్ రబ్బర్లు, డ్రైవరు సీటు, స్టీరింగు చక్రం అరుగుదల కూడా మీటరుకు సరిపోవాలి.

ఈ పరీక్షలన్నీ కొనేవారు స్వయంగా చేయలేకపోవచ్చు. అమ్మేవారితో గాని మధ్యవర్తితో గాని సంబంధం లేని మెకానిక్‌ను ఒక పూట కూలి ఇచ్చి వెంట తీసుకువెళ్లడం మంచిది. విజయవాడ జవహర్ ఆటోనగర్ వంటి చోట అమ్మకం, మరమ్మతు, విడిభాగాలు పక్కపక్కనే ఉంటాయి. అది సౌకర్యమే. అయినా మెకానిక్‌ను మధ్యవర్తే చూపిస్తే మొహమాటం ఎటు మొగ్గుతుందో చెప్పనక్కరలేదు.

కాగితాలే అసలు చాసిస్

ఇంజను చెడితే బాగుచేయవచ్చు. కాగితం చెడితే బండే చేయి జారుతుంది. ఆర్‌సీ మీద ఉన్న చాసిస్ నంబరును బండి మీది నంబరుతో పోల్చాలి. పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకుంటే దిద్దిన అంకెలు బయటపడతాయి. రవాణా శాఖ రికార్డులలో యజమాని పేరు, ఫైనాన్స్ పద్దు, ఫిట్‌నెస్, బీమా తేదీలు, పెండింగు చలానాలు చూసుకోవాలి.

అన్నిటికన్న ప్రమాదమైనది, నడుస్తున్న ఫైనాన్స్ మీద బండి కొనడం. కొంత నగదు అమ్మేవారికి ఇచ్చి, మిగతా కంతులు తాను కట్టుకుంటానని నోటి మాట మీద బండి తోలుకుపోవడం పల్లెలలో జరుగుతున్నదే. అప్పు పాత యజమాని పేరనే ఉంటుంది. అతని పాత బాకీలకు గాను ఫైనాన్స్ వారు బండిని సీజ్ చేస్తే, కంతులు కట్టిన కొత్త మనిషి రోడ్డు మీద మిగులుతాడు. బాకీ తీరినట్లు సంస్థ ఇచ్చిన ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చిన తర్వాతనే మిగతా సొమ్ము చెల్లించాలి.

పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 అవసరం. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో రిజిస్టరింగ్ అధికారికి తెలపాలి. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయిన దరిమిలా హైదరాబాదు బండి గుంటూరుకు వచ్చినా, గుంటూరు బండి ఖమ్మం వెళ్లినా అది పరరాష్ట్రపు బండే. ఫారం 28 కింద ఎన్‌ఓసీ తెచ్చుకుని కొత్త రాష్ట్రంలో పన్ను, రిజిస్ట్రేషను చూసుకోవాలి. హైదరాబాదులో చవక అని కొన్న బండికి ఈ ఖర్చు కలిపితే చవక ఎంత మిగిలిందో తెలుస్తుంది.

పేరు మార్చకుండా వదిలేస్తే అమ్మినవారికీ ముప్పే. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీం కోర్టు, బండి పలు చేతులు మారినా రికార్డులో పేరున్న యజమానే ప్రమాద పరిహారానికి బాధ్యుడని తీర్పు చెప్పింది. ఈ సంగతి చెబితే పేరు మార్పుకు బద్ధకించే అమ్మకందారు కూడా త్వరపడతాడు.

సరుకు బండ్లకు ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకొకసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. వయసు మీరేకొద్దీ రుసుము పెరుగుతుంది. బండితో సహా మొత్తం బరువు 3,000 కిలోలు మించని వాటికి పర్మిట్ అక్కరలేదు. పెద్ద పికప్‌లలో కొన్ని ఈ గీత దాటుతాయి గనుక ఆర్‌సీలో ఆ అంకె చూడాలి. డ్రైవింగు లైసెన్సు విషయమై ఉన్న సందేహం తీరిపోయింది. 7,500 కిలోల లోపు సరుకు బండిని లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో నడపవచ్చునని 2024 నవంబరు 6న సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అధిక బరువుకు మాత్రం 2019 సవరణ చట్టం 20 వేల రూపాయల జరిమానా, ప్రతి అదనపు టన్నుకు మరో 2 వేలు నిర్ణయించింది. చిన్న బండిలో పెద్ద లోడు తోలి మిగిల్చిన కిరాయి ఒక్క తనిఖీతో పోతుంది.

డబ్బు లెక్క

చేతిలో 4 లక్షలు ఉన్నవారు 4 లక్షల బండి కొనరాదు. అందులో ఐదింట ఒక వంతు, అంటే 80 వేలు పక్కన పెట్టి 3 లక్షల 20 వేలలో బండి చూసుకోవాలి. బీమా, పేరు మార్పు, ఫిట్‌నెస్, పన్ను బకాయి, టైర్లు, బ్యాటరీ, క్లచ్చి ప్లేటు, ఆయిళ్లు, ఫిల్టర్లు మొదటి ఏడాదిలోనే మీద పడతాయి. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం 7,500 కిలోల లోపు కిరాయి సరుకు బండికి థర్డ్ పార్టీ బీమా ప్రీమియం ఒక్కటే 16,049 రూపాయలు, పన్ను అదనం. బండి కొనడంతోనే జేబు ఖాళీ అయినవారు మొదటి మరమ్మతుకు అప్పు చేస్తారు. లేదా మరమ్మతు వాయిదా వేసి సరుకు పోగొట్టుకుంటారు.

అప్పు తీసుకునేవారు వడ్డీ పద్ధతి అడగాలి. నూటికి రూపాయి వడ్డీ అంటే వినడానికి తేలిక. 2 లక్షలకు మూడేళ్లకు ఆ లెక్కన 72 వేల వడ్డీ కలిపి 36 కంతులు కడితే, నెలకు సుమారు 7,556 రూపాయలు. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం 2 లక్షల మీదే పడుతున్నందువల్ల నికర వడ్డీ ఏడాదికి సుమారు 21 శాతం అవుతుంది. తగ్గే బాకీ మీద 15 శాతం అడిగిన బ్యాంకు దీనికన్న చవక.

జీఎస్టీ మార్పులు కూడా బేరంలో ఆయుధాలే. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త సరుకు బండ్ల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు 6 లక్షలున్న బండి 7 లక్షల 68 వేలకు బదులు 7 లక్షల 8 వేలకు వస్తుంది. కొత్తది 60 వేలు దిగినప్పుడు, అంతకు ముందు కొన్న పాతదాని ధర కూడా ఆ మేరకు దిగవలసిందే. తాను ఎక్కువ పన్ను కట్టి కొన్నానన్నది అమ్మేవారి కష్టం. కొనేవారు భరించవలసిన ఖర్చు కాదు. పాత బండ్ల వ్యాపారులపై 2025 జనవరి 16 నుంచి 18 శాతం పన్ను ఉన్నది. అయితే అది ఇన్‌పుట్ రాయితీ తీసుకోని పక్షంలో వ్యాపారి లాభం మీదనే. 3 లక్షలకు కొని 3 లక్షల 40 వేలకు అమ్మితే పన్ను పడేది 40 వేల మీద, అంటే 7,200 రూపాయలు. పూర్తి ధర మీద 18 శాతం అడిగితే 61,200 అవుతుంది. అడిగినంతా ఇవ్వకుండా బిల్లు చూపమనాలి. రిజిస్ట్రేషను లేని మామూలు యజమాని నుంచి కొంటే ఈ పన్ను ప్రసక్తే లేదు.

ఎవరి దగ్గర, ఎప్పుడు

యజమాని దగ్గర నేరుగా కొంటే చరిత్ర తెలుస్తుంది. ఆ బండి తిరిగిన యార్డులో హమాలీలను, గుమాస్తాలను విచారిస్తే చాలు. వ్యాపారి దగ్గర కొంటే నాలుగు బండ్లు పోల్చి చూడవచ్చు. రంగు, పాలిష్ ఖర్చు మన మీద పడుతుంది. ఫైనాన్స్ సంస్థల వేలంలో ధర తక్కువ పలకవచ్చు. కంతులు కట్టలేని యజమాని చివరి నెలల్లో ఆయిలు కూడా మార్చి ఉండడని గుర్తుంచుకోవాలి. లోడు పరీక్షకు అక్కడ వీలు చిక్కదు. గట్టి మెకానిక్ వెంట ఉన్నవారు తప్ప తొలిసారి కొనేవారు వేలం జోలికి పోకపోవడం మంచిది.

మామిడి, మిర్చి, ధాన్యం సీజను మొదలయ్యే వేళ అందరికీ బండి కావాలి. అప్పుడు అమ్మేవారిదే పైచేయి. యార్డు పలచబడిన నెలల్లో వెతికితే పరీక్షకు తీరిక, బేరానికి బలం రెండూ ఉంటాయి.

చివరగా, బండి అసలు అవసరమా అన్న లెక్క. బీమా, పన్ను, ఫిట్‌నెస్, వడ్డీ, తరుగుదల కలిపి ఏడాదికి లక్ష రూపాయల స్థిర ఖర్చు అనుకుంటే, 250 రోజులు తిరిగే బండికి రోజుకు 400 రూపాయలు పడుతుంది. 100 రోజులే తిరిగితే రోజుకు వెయ్యి. డీజిలు, డ్రైవరు ఖర్చు దీనిపై అదనం. సొంత పంట తోలకం అయిపోయాక ఇరుగు పొరుగు సరుకు దొరుకుతుందన్న నమ్మకం లేనివారికి, ఇద్దరు ముగ్గురు కలిసి కిరాయి బండి మాట్లాడుకోవడమే లాభసాటి. కొనితీరాలన్నవారు మాత్రం తొందరపడరాదు. చాసిస్ నిటారుగా, కాగితాలు సక్రమంగా, మోసిన సరుకు తేలికగా ఉన్న బండి దొరికితే రంగు వెలిసినా, పది వేలు ఎక్కువైనా తీసుకోవచ్చు. ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా, ఎంత చవకకు వచ్చినా, ఆ బండిని ఇంకొకరికి వదిలేయడమే మేలు.